ఐదు కిలోమీటర్లేనా అని అడిగే వాళ్లకి

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముప్పై నాలుగేళ్లు, రెండేళ్ల పాప. "మామయ్యా, ఆగస్టు మారథాన్‌కి పేరిచ్చేశా. ఫుల్!" అన్నాడు. గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. నాకు వెంటనే మాట రాలేదు. కాసేపాగి "10కెకి మార్చుకోవడానికి వీలుందేమో చూడు నాన్నా" అన్నాను. అవతల నుంచి చప్పుడు లేదు. తర్వాత "నువ్వు ఫుల్ చేసినోడివే కదా మామయ్యా, మమ్మల్నెందుకు వద్దంటావ్?" అని ఫోన్ పెట్టేశాడు.

ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. వాడూ ఈ పేజీ చదువుతాడు. ఎప్పుడూ వడ్లు, కాలవ నీళ్లు, పురుగు మందుల గురించి రాసే మనిషి ఈసారి పరుగు మీద పడ్డాడేంటి అనుకోకండి. పొద్దున్నే సాగర్ కాలవ కట్ట మీద పరిగెత్తడం నాకు తొమ్మిదేళ్ల అలవాటు. మొదట్లో మా అమ్మ "ఎవరు తరుముతున్నార్రా నిన్ను?" అనేది. ఇప్పుడు ఒక్కరోజు పోకపోతే "ఒంట్లో బాలేదా" అని అడుగుతుంది.

ముందు మా వాడి సంగతి చెప్పాలి. వాళ్ల నాన్నకి, అంటే మా బావకి, నిరుడు యాభై ఎనిమిదేళ్లకి గుండెకి స్టెంట్ వేశారు. ఆ పది రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాక వీడికి భయం పట్టుకుంది. జనవరి నుంచి పరుగు మొదలుపెట్టాడు. మంచి పని. ఐదు కిలోమీటర్లు 31 నిమిషాల్లో చేస్తున్నాడు. ఇప్పటిదాకా పరిగెత్తిన అతి పెద్ద దూరం 12 కిలోమీటర్లు. మరి ఫుల్ ఎందుకు కట్టావురా అంటే, ఆఫీసులో రన్నింగ్ గ్రూపు ఉందట. అందులో కొత్తగా ఎవరు చేరినా అడిగే మొదటి ప్రశ్న "ఫుల్ ఎప్పుడు?" అని. 5కె చేశానంటే "ఓ, ఐదేనా" అంటారట.

నా గొడవంతా ఆ 'ఐదేనా' అనే మాటతోనే.

నా ఫుల్ గురించి గొప్పగా చెప్పుకున్నాను కానీ పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆరేళ్ల కింద, ఆగస్టు చివరి ఆదివారం, హైదరాబాద్‌లో. ఆ రేసు సంగతి తెలిసిన వాళ్లకి తెలుసు, ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడం, పైగా ఆగస్టు ఉక్క. చెమట ఆరదు. 28 కిలోమీటర్ల దాకా బాగానే పోయాను. 29 దగ్గర తొడలు రాయి అయిపోయాయి. అక్కడి నుంచి నడక, కాస్త పరుగు, మళ్లీ నడక. 5 గంటల 48 నిమిషాలకి గీత దాటాను. మెడల్ వేశారు, ఫొటో దిగాను, ఆ ఫొటోకి మీరందరూ లైకులు కొట్టారు కూడా.

ఫొటోలో కనపడనిది చెప్తా. కుడి మోకాలి పక్కన నొప్పి 20వ కిలోమీటర్ దగ్గరే మొదలైంది. 'ఇంత దూరం వచ్చాక ఆగుతామా' అని లాక్కెళ్లాను. తప్పు నాదే, ఎవరినీ అనేది లేదు. ఇంటికొచ్చేసరికి కాలవకి నీళ్లు వదిలారు. నారు ముదురుతోంది, దమ్ము చేయాలి, ఒడ్లు చెక్కాలి. నేను బురదలో కాలు పెట్టి పైకి తీయలేకపోయాను. నేను చేసుకునే పనికి కూడా కూలి పెట్టాల్సొచ్చింది. నాట్లు పది రోజులు వెనకబడ్డాయి. మోకాలు కుదుటపడేసరికి జనవరి వచ్చింది. ఐదు నెలలు ఒక్క అడుగు పరిగెత్తలేదు, ఏడు కిలోలు పెరిగాను. అంతకుముందు మూడేళ్లుగా కట్ట మీద సంపాదించుకున్న దమ్ము మొత్తం పోయింది. మళ్లీ మొదలుపెట్టిన రోజున రెండు కిలోమీటర్లకే వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నా.

వాణ్ని 10కె అన్నది అందుకు.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది 5కె అంటే ఫుల్ చేయలేని వాళ్లు చేసేది, పిల్లలూ ముసలాళ్లూ టీషర్టు కోసం వచ్చేది అనుకుంటారు. మీరు ఎప్పుడైనా 5కెని నిజంగా, ఒంట్లో ఉన్నదంతా పెట్టి పరిగెత్తారా? ఒక్కసారి చేసి చూడండి. మొదటి కిలోమీటర్ అందరికీ తేలికే. రెండోది పర్లేదు. మూడో కిలోమీటర్ మధ్యలో మనసు బేరం మొదలుపెడుతుంది. 'కొంచెం తగ్గిస్తే ఏమవుతుంది, ఎవడు చూస్తున్నాడు' అని. నాలుగోది అన్నింటికన్నా కష్టం. గీత ఇంకా కనపడదు, వెనక్కి పోలేవు. అక్కడ పేస్ వదలకుండా పట్టుకున్నోడికే ఐదోది మిగులుతుంది. పాతిక నిమిషాల్లో ఇంత జరుగుతుంది.

ఇది స్ప్రింటు కాదని కూడా తెలుసుకోవాలి. ఐదు కిలోమీటర్లలో ఒళ్లు వాడే శక్తిలో తొంభై శాతానికి పైగా ఆక్సిజన్‌తో తయారయ్యేదే. అంటే గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు కలిసి ఎంత ఆక్సిజన్ అందించగలవో దాదాపు ఆ అంచున నడిచే పందెం. మా వాడు పరుగు మొదలుపెట్టింది గుండె కోసమే కదా. ఆ గుండెకి పని చెప్పడానికి 42 కిలోమీటర్లు అక్కర్లేదు.

ఫుల్‌లో మనలాంటి వాళ్లకి జరిగేది వేరు. ఒక మోటు లెక్క చెప్తా. డెబ్భై కిలోల మనిషి ఒక కిలోమీటర్ పరిగెత్తితే సుమారు 70 కేలరీలు ఖర్చు. 42 కిలోమీటర్లకి మూడు వేల దాకా. కండరాల్లో, కాలేయంలో చక్కెరగా దాచుకునేది సుమారు రెండు వేలు. మిగతాది కొవ్వు నుంచి రావాలి, కానీ కొవ్వు తడి కట్టె లాంటిది, నిదానంగా అంటుకుంటుంది. ఏళ్ల తరబడి తర్ఫీదైన వాడి ఒళ్లు మొదటి నుంచీ కొవ్వునీ చక్కెరనీ కలిపి పొదుపుగా వాడుకుంటుంది. నాలుగైదు నెలలు పరిగెత్తినోడి ఒళ్లు చక్కెరంతా ముందే తినేస్తుంది. రన్నర్లు 30వ కిలోమీటర్ దగ్గర 'వాల్' తగిలింది అనేది ఇదే. అక్కడి నుంచి చేసేది పందెం కాదు, ఇల్లు చేరడం. నేను చివరి 13 కిలోమీటర్లు ఇల్లు చేరాను.

ఇంకో ప్రమాదం, ఎక్కువమందికి తెలియనిది. నెమ్మదిగా వెళ్లేవాళ్లు ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా ఆగి గ్లాసులు గ్లాసులు తాగేస్తారు, మంచిదే అనుకుని. నెత్తుట్లో ఉప్పు పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించి 2005లో ఫలితాలు అచ్చు వేశారు. వాళ్లలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉంది. నాలుగు గంటలకి పైగా పట్టినవాళ్లలో, పరుగులో బరువు పెరిగిన వాళ్లలో (అవును, పరిగెత్తి పెరిగారు, నీళ్లతో) ఇది ఎక్కువ. పాతిక నిమిషాల పందెంలో ఈ బెడదే లేదు.

సరే, భయపెట్టడానికి రాయట్లేదు. లక్షల మంది ఫుల్ చేసి హాయిగా ఇంటికెళ్తున్నారు. నా మాట వేరే. చిన్న దూరంలో దొరికేది పెద్ద దూరంలో దొరకదు, అది చాలామంది రుచి కూడా చూడకుండా దాటేస్తున్నారు.

మళ్లీ మొదలుపెట్టాక నేను 5కె మాత్రమే పట్టుకున్నా. కట్ట మీద రెండు తూముల మధ్య సరిగ్గా రెండున్నర కిలోమీటర్లు, వెళ్లి రావడం ఐదు. మొదట 29 నిమిషాల 10 సెకన్లు. మూడేళ్లకి 24:38. ఈ నాలుగున్నర నిమిషాలు ఎలా తగ్గాయో ఒక్కో సెకను నాకు గుర్తుంది. ఒకసారి మొదటి కిలోమీటర్ 4:40లో కొట్టి మూడో దాంట్లో చచ్చాను. వచ్చే నెల 5:00తో మొదలుపెట్టి చివర్లో మిగుల్చుకున్నా. ఇంకోసారి ముందురోజు రాత్రి పెళ్లి భోజనం, చెప్పక్కర్లేదు. నెలకొకసారి గట్టిగా పరిగెత్తి చూసుకుంటే ఏడాదికి పన్నెండు పాఠాలు. ఫుల్‌లో ఒక తప్పు చేస్తే దిద్దుకోవడానికి మళ్లీ ఏడాది ఆగాలి. మనకి తెలిసిన లెక్కే ఇది. వరి వేసినోడు తప్పు దిద్దుకోవాలంటే మళ్లీ కారు రావాలి. తోటకూర మడి వేసినోడికి నెల తిరక్కుండానే తెలిసిపోతుంది.

25:00 దాటి 24లోకి వచ్చిన రోజు కట్ట మీద నేనూ, గేదెల్ని తోలుకెళ్లే పిల్లగాడూ తప్ప ఎవరూ లేరు. మెడల్ లేదు. తూము మీద కూర్చుని ఫోన్లో ఆ అంకె పదిసార్లు చూసుకున్నా. 5 గంటల 48 నిమిషాల రోజున నాకు అంత సంతోషం కలగలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు కలిగింది 'అయిపోయింది బాబూ' అనే ఊరట.

కాలం సంగతి కూడా చూడండి. ఫుల్‌కి పదహారు, పద్దెనిమిది వారాల ప్లాను. అందులో ఆదివారాలు 28, 30, 32 కిలోమీటర్లు. మనలాంటి వాళ్లకి ఒక్కోటి మూడున్నర గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, వచ్చి స్నానం చేసి పడిపోవాలి. ఆ ఆదివారం ఇంక ఎవరికీ పనికిరాము. ఆగస్టు రేసుకి ఈ పెద్ద పరుగులు జూలైలో పడతాయి. జూలైలో నాకు నారుమడి ఉంటుంది. జనవరి ముంబై రేసు అయితే డిసెంబరు, అప్పుడు యాసంగి పనులు. మా వాడికి పొలం లేదు కానీ రెండేళ్ల పాప ఉంది, ఆ పాపని వారమంతా ఒంటిచేత్తో చూసుకుని ఆదివారమైనా ఎత్తుకుంటాడని ఎదురుచూసే భార్య ఉంది. ఆమె కూడా రెండు నెలలుగా పార్కులో పరిగెత్తుతోంది, ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. ఆమెకి రోజుకి దొరికేది నలభై నిమిషాలు. ఈయన ఫుల్‌కి దిగితే ఆ నలభై కూడా పోతాయి. ఇంట్లో ఒకరు మారథాన్ చేస్తున్నారంటే ఇంకొకరు వెనక ఇల్లు మోస్తున్నారనే అర్థం. నాకు మా ఇంటామె మోసింది. ఆ మెడల్ సగం ఆమెది.

5కెకి నాకు వారానికి మూడు గంటలు చాలు. ఒకరోజు 400 మీటర్లు ఎనిమిదిసార్లు గట్టిగా, మధ్యలో నిమిషంన్నర నడక. రెండు రోజులు మాట్లాడుకుంటూ పోయేంత నిదానంగా ఆరేసి కిలోమీటర్లు. ఆదివారం ఒక పది. రేసు గట్టిగా చేసినా మూడో రోజుకి కాళ్లు మామూలే. ఫుల్ తర్వాత మూడు నాలుగు వారాలు కాళ్లు నావి కావు.

పెద్దవాళ్ల దారి కూడా ఇదే అని మనవాళ్లు మర్చిపోతారు. 2019లో వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం దాటిన కిప్చోగే సంగతి అందరికీ తెలుసు. ఆయన 2003 పారిస్ ప్రపంచ పోటీల్లో గెలిచింది 5000 మీటర్లు. మొదటి మారథాన్ పరిగెత్తింది 2013లో, హాంబర్గ్‌లో. మధ్యలో పదేళ్లు. ఇథియోపియా గెబ్రెసెలాసీ 1996లో, 2000లో 10,000 మీటర్ల ఒలింపిక్ బంగారాలు కొట్టాక, 2007లో మారథాన్ రికార్డు పట్టాడు. మన శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12:00 పరిగెత్తాడు, ఆ భారత రికార్డు నలభై ఏళ్లకి పైగా నిలిచింది. ఆయన కూడా 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో 5000 మీటర్ల బంగారు పతకం తెచ్చినవాడు. లోకంలోనే గొప్పవాళ్లు చిన్న దూరంలో ఏళ్లు గడిపారు. మనం జనవరిలో బూట్లు కొని ఆగస్టులో ఫుల్ అంటున్నాం.

అసలు 42.195 అనే అంకెలో ఏ మహత్యమూ లేదు. 1896 ఏథెన్స్‌లో పరిగెత్తింది సుమారు 40 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. ఆ కొలతే తర్వాత 1921లో ఖాయం చేశారు. రాజుగారి కుర్చీ ఇంకో చోట వేసి ఉంటే మన స్టేటస్ ఫొటోల్లో ఇంకో అంకె ఉండేది.

ట్రయథ్లాన్ వాళ్లలోనూ ఇదే జబ్బు. ఐరన్‌మ్యాన్ చేయకపోతే మనిషే కాదన్నట్టు మాట్లాడతారు. ఒలింపిక్స్‌లో పెట్టింది దానికన్నా ఎంతో చిన్నది, 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిలు, 10 పరుగు. అందులో సగం దూరం ఉండే స్ప్రింట్ రేసు కూడా ఉంది. టోక్యో నుంచి వచ్చిన మిక్స్‌డ్ రిలేలో ఒక్కొక్కరి వంతు ఇరవై నిమిషాలు. చూడ్డానికి అదే బాగుంటుంది, నా మాట నమ్మండి.

ఇంగ్లండులో 2004 అక్టోబరులో లండన్ దగ్గర బుషీ పార్కులో 13 మంది కలిసి ఒక శనివారం పొద్దున 5 కిలోమీటర్లు పరిగెత్తారు. డబ్బు కట్టక్కర్లేదు, టైమ్ మాత్రం రాసి ఇస్తారు. అదే పార్క్‌రన్ అయింది, ఇవాళ చాలా దేశాల్లో ప్రతి శనివారం జరుగుతోంది. టైమ్ రాసి ఇవ్వడం, అక్కడుంది కిటుకు. మన 5కెల్లో లేనిది అదే.

మా దగ్గరి ఒక పట్నంలో రెండేళ్ల కింద 5కెకి వెళ్లాను. ఫుల్ లేదు, 21కె, 10కె, 5కె. 21 వాళ్లకి ఐదింటికే స్టార్టు. మాకు ఏడున్నర, అదీ ముఖ్య అతిథి ప్రసంగం అయ్యాక. అప్పటికి ఎండ నెత్తి మీదకొచ్చింది. బిబ్ ఇచ్చారు, అందులో టైమింగ్ చిప్ లేదు. అడిగితే "ఇది ఫన్ రన్ కదండీ" అన్నారు. స్టార్ట్ లైన్ దగ్గర బ్యానరు పట్టుకుని పదిమంది సెల్ఫీలు. వాళ్లని తప్పించుకోవడానికే నాకు అర నిమిషం పోయింది. నా పక్కన ఒక రిటైర్డ్ టీచర్ గారు, అరవై రెండేళ్లు, బాగా తయారై వచ్చారు. చివర్లో ఆయన టైమ్ ఎవరూ రాయలేదు. చేతి గడియారం చూసుకుని "ఇరవై ఎనిమిదిన్నర అనుకుంటా" అన్నారు. ఆ 'అనుకుంటా' నాకు బాధేసింది.

పోటీలు పెట్టేవాళ్లకి నేను అడిగేది పెద్దదేం కాదు. 5కెకి చిప్ పెట్టండి, కావాలంటే యాభై రూపాయలు ఎక్కువ తీసుకోండి. నడిచేవాళ్లని వెనక నిలబెట్టండి, వాళ్లూ రావాలి, కానీ వెనక. పొద్దున్నే వదలండి. వయసుల వారీగా మొదటి ముగ్గురి పేర్లు చదవండి. బెంగళూరులో 2008 నుంచి ఒక పెద్ద రేసు 10 కిలోమీటర్లతోనే నడుస్తోంది, ప్రపంచ స్థాయి రన్నర్లు దానికోసం వస్తున్నారు. దూరం తక్కువైతే గౌరవం తగ్గదని అక్కడ చూపించారు.

మా వాడు ఒక మాటన్నాడు మర్నాడు, మెసేజ్‌లో. "5కె అయితే ఎవరైనా చేస్తారు మామయ్యా. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా చేతిలో ఏమీ లేదనిపించింది. ఇంత పెద్దది ఒకటి చేయగలను అని నాకు నేను చూపించుకోవాలి." దీనికి నా దగ్గర జవాబు లేదు. అలాంటి ఆకలి ఉన్నవాణ్ని 24:38 గురించి చెప్పి ఆపలేను. 30 దాటాక రోడ్డు మీద మనిషికి తన గురించి తెలిసేది కొంత ఉంటుంది, అది నాకూ తెలిసింది, కాదనను. కానీ వాడు అరవై ఏళ్ల దాకా పరిగెత్తాలి. బావకి వచ్చింది వీడికి రాకూడదు. ఈ ఆగస్టులో మోకాలు పోగొట్టుకుని, విసుగొచ్చి బూట్లు అటక మీద పడేసే వాళ్లని నేను చూశాను. కొద్దిలో నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఒక పాత లెక్క ఉంది, 5కె టైమ్‌ని 9.6తో గుణిస్తే ఫుల్ టైమ్ దగ్గర దగ్గరగా వస్తుంది, అన్ని నెలల తర్ఫీదూ సరిగ్గా జరిగితేనే. వాడి 31కి 4 గంటల 57 నిమిషాలు. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద, ఆ ఉక్కలో ఇంకో అరగంట కలుపుకోండి. అదే ముందు రెండేళ్లు 5, 10 చేసి 25కి దిగితే నాలుగు గంటలు. వాల్ తగిలేలోపే ఇంటికి దగ్గరపడతాడు. ఇది పంపించాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

నిన్న అక్కతో మాట్లాడా. వాడు పేరు వెనక్కి తీసుకోవట్లేదట. సరే. ఒక బేరం పెట్టాను. గుండె డాక్టరుకి చూపించుకుని ఈసీజీ తీయించుకోవాలి, వాళ్ల నాన్న సంగతి చెప్పి. జూన్ మొదటి వారం భార్యనీ పాపనీ తీసుకుని ఊరికి రావాలి. ఇద్దరూ కట్ట మీద నాతో ఒక 5కె పరిగెత్తాలి, ఊరికే కాదు, గడియారం పెట్టుకుని. పాపని అమ్మ చూసుకుంటుంది. ఆ తర్వాత కూడా ఫుల్లే అంటే, ఆగస్టు చివరి ఆదివారం నాట్లు ఎక్కడున్నా సరే నేను హైదరాబాద్ వెళ్లి 30వ కిలోమీటర్ దగ్గర ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు పట్టుకుని నిలబడతా.

దీనికి మాత్రం జవాబొచ్చింది. "కట్ట మీద నిన్ను కొడతా మామయ్యా" అని. చూద్దాం. ఆ రోజు పొద్దున ఐదున్నరకి మొదటి తూము దగ్గర ఉంటాం, దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా రావచ్చు. టైమ్ నేను రాసి ఇస్తా.